నీళ్ళు ముట్టకుండా లీటర్లు నేర్పే చదువు

మూడో తరగతి చదివే మా అమ్మాయికి మొన్నామధ్య ఒక లెక్కల షీటు దిద్ది ఇచ్చారు. ఇరవైకి పంతొమ్మిది. పోయిన ఆ ఒక్క మార్కు గురించే ఈ టపా. మార్కుల కోసం ఏడ్చే తండ్రిని కాదు బాబూ, ముందే చెప్పేస్తున్నా. ఆ మార్కు ఎందుకు పోయిందో చూశాక ఒళ్ళు మండి రాస్తున్నా.

ప్రశ్న ఇదీ. రెండు బొమ్మలు. ఎడమ పక్క పొడుగ్గా, సన్నగా ఒక సీసా. కుడి పక్క పొట్టిగా, వెడల్పుగా ఒక గిన్నె. ఎక్కువ నీళ్ళు పట్టే దానికి టిక్కు పెట్టమన్నారు. మా అమ్మాయి దేనికీ టిక్కు పెట్టలేదు. రెండు బొమ్మల మధ్య ఉన్న కాస్త ఖాళీలో, వచ్చీరాని ఇంగ్లీషు స్పెల్లింగుల్తో "నీళ్ళు పోసి చూడాలి" అని రాసింది. దాని మీద ఎర్రసిరాతో ఇంటూ. సీసాకి టిక్కు.

పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు అడిగాను. టీచరుగారు పాపం మర్యాదస్తురాలు. "ఆన్సర్ కీలో బాటిల్ అనే ఉంది సార్" అన్నారు. బొమ్మలో కొలతలేవీ లేవు కదండీ, ఎలా చెప్పడం అన్నాను. "చూస్తే తెలుస్తోంది కదా సార్, బాటిల్ హైట్ ఎక్కువ!"

అక్కడితో నాకు మాట పడిపోయింది. ఎందుకంటే ఈ జవాబు నేను ఇదివరకే చదివాను. స్విట్జర్లాండులో జాఁ పియాజే అని ఒక పెద్దాయన ఉండేవాడు. పిల్లల బుర్రలు ఎలా ఎదుగుతాయో చూడ్డమే పనిగా పెట్టుకున్నాడు. ఆయన చేసిన ప్రయోగాల్లో బాగా పేరు పడ్డది నీళ్ళ గ్లాసులది. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోస్తారు. రెండూ సమానమే కదా అంటే పిల్లాడు అవునంటాడు. వాడి కళ్ళెదుటే ఒక గ్లాసులో నీళ్ళు పొడుగాటి సన్న గ్లాసులోకి వంపేస్తారు. ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయిరా అంటే నాలుగైదేళ్ళ పిల్లాడు తడుముకోకుండా పొడుగు గ్లాసు చూపిస్తాడు. ఏడేళ్ళు వచ్చేసరికి చాలామందికి ఆ భ్రమ పోతుంది. 1941లో వేసిన పుస్తకంలో ఆయన ఇదంతా రాశాడు. అంటే ఎనిమిదేళ్ళ మా పిల్ల దాటేసిన మెట్టు మీద ఆ ఆన్సర్ కీ ఇంకా కూర్చుని ఉంది. కీకి ఏడేళ్ళు నిండలేదన్నమాట :-)

నా కోపం టీచరుగారి మీద కాదు. నలభై మంది పిల్లలు, ఎవడో అచ్చేసి పంపిన షీట్లు, సాయంత్రంలోగా దిద్ది యాప్‌లో ఎక్కించాలి. కీ ఏదంటే అదే వేదం. నా కోపం ఈ పాఠం నడిచే తీరు మీద, దానికి ఫీజులు కట్టి మరీ తలూపుతున్న మనమీద.

అసలు బళ్ళో ఈ పాఠం ఎలా చెప్తున్నారో నోటుబుక్కులు తిరగేసి చూశాను. మొదటి రోజు: 1 లీటరు = 1000 మిల్లీలీటర్లు. రెండో రోజు: కిలో, హెక్టో, డెకా, డెసి, సెంటి, మిల్లి కంఠతా. మూడో రోజు నుంచి లెక్కలు, 3 లీటర్ల 250 మి.లీ.ని మి.లీ.లోకి మార్చుము. అయిపోయింది. హెక్టోలీటరుని ఎవరైనా కళ్ళతో చూశారా? పాలవాడు హెక్టోలీటర్లలో పోస్తాడా? సున్నాలు అటూ ఇటూ జరపడం దశాంశాల లెక్క, మంచిదే, ఎవరొద్దన్నారు? దానికీ కొలవడానికీ సంబంధం లేదు. ఈ లెక్కలన్నీ తప్పు లేకుండా చేసిన పిల్లని చేతికి చెంబు ఇచ్చి "ఇందులో లీటరు పడుతుందా?" అంటే తెల్లమొహం వేస్తుంది. మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే సింటాక్సు వచ్చు, ప్రోగ్రాము ఎప్పుడూ రన్ చెయ్యలేదు.

పుస్తకాలు రాసేవాళ్ళని కూడా తిట్టలేను. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు తెచ్చిన మ్యాథ్-మ్యాజిక్ పుస్తకాల్లో జగ్గులు మగ్గులు అని ఈ పాఠమే ఉండేది, చక్కగా ఉండేది. ఐదో తరగతి పుస్తకంలో గ్లాసులో గోళీలు వేసి నీటిమట్టం ఎంత లేచిందో చూడమనేవాళ్ళు. మరి ఎన్ని బళ్ళలో గోళీలు నీళ్ళలో పడ్డాయి? గోళీల బొమ్మ వేసి పక్కన డబ్బాలో జవాబు రాయించి ఉంటారు.

సరే, తిట్టడం తేలిక, నువ్వేం చేశావురా అంటారా? వస్తున్నా.

అప్పటికి మా అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. ఆదివారం పొద్దున బాల్కనీలో ప్లాస్టిక్ పట్టా పరిచి, బకెట్టు నీళ్ళు, ఒక స్టీలు గ్లాసు, వంటింట్లో ఖాళీగా పడున్న పాత్రలన్నీ ముందర పెట్టాం. అడుగున లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండే గాజు సీసా ఒకటి దొరికింది. దానికి నిలువునా కాగితం టేపు అంటించి, ఒక గ్లాసు పోసినప్పుడల్లా మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టమన్నాను. మొదటి మూడు గీతలు దగ్గర దగ్గరగా పడ్డాయి. నాలుగోది కాస్త ఎడంగా. ఐదోది ఇంకా పైకి పోయింది. మా అమ్మాయి గ్లాసు తిరగేసి మరగేసి చూసింది. "నాన్నా, గ్లాసు పెద్దదైపోయిందా?"

"గ్లాసు అదేనే అమ్మడూ, సీసా సన్నబడింది" అంది మా అమ్మ, పూలు కడుతూ, తలెత్తకుండానే.

పిల్ల ఒక నిమిషం నోరు మెదపలేదు. అప్పుడు సీసా చుట్టూ బొటనవేలు, చూపుడువేలు పెట్టి పైనా కిందా పట్టుకుని చూసుకుంది. ఆ ఒక్క నిమిషాన్ని ఏ వర్క్‌షీటులో అచ్చేస్తారండీ? తర్వాత తనంతట తనే పులుసు గిన్నె తెచ్చి, సీసాలో నీళ్ళన్నీ అందులోకి వంపింది. గిన్నెలో ఇంకా రెండు గ్లాసులకి చోటు మిగిలింది. మా ఇంట్లో సీసా ఓడిపోయింది. మీ ఇంట్లో గెలవచ్చు. పోసి చూడాలి, అదేగా పిల్ల రాసింది!

తెలుగులో ఈ పాఠానికి కావలసిన సరంజామా అంతా మాటల్లోనే ఉంది. సామర్థ్యం, ఘనపరిమాణం అని పుస్తకం భయపెడుతుంది గానీ, మనం "ఈ బిందెలో ఎన్ని చెంబులు పడతాయి?" అంటాం. పట్టడం, అంతే. పాత్ర పేరుకి చివర ఒక "ఎడు" తగిలిస్తే చాలు, పాత్ర కాస్తా కొలత అయిపోతుంది. చెంబెడు, గ్లాసెడు, గరిటెడు, కడివెడు, బుట్టెడు. పాత్ర లేకపోతే చెయ్యే పాత్ర: చిటికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు. మా అమ్మాయికి ఈ మాటల్లో సగం రావు. వాళ్ళ నాయనమ్మ ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూపిస్తుంటే, చారెడుకీ దోసెడుకీ తేడా ఒక చెయ్యీ రెండు చేతులూ అని తెలిసి తెగ సంబరపడింది. పనిలో పనిగా, వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, తర్వాత రెండు, మూడు అనేవాళ్ళని కూడా చెప్పింది. సున్నా నుంచి లెక్కపెట్టే మన జాతికి ఇందులో వింతేముంది?

ఇంకో సంగతి విన్నాక మాత్రం నేనే నోరు తెరిచాను. అమ్మ చెప్పిన లెక్కలు ఇవీ: రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. వేళ్ళు మడిచి చూడండి. 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256. తూముకి 256 గిద్దలు! ఒక బైటులో ఎన్ని విలువలు పడతాయో అన్ని. మన తాతలు బైనరీలో వడ్లు కొలిచారు, వాళ్ళ మనవళ్ళం రెండు ఘాతాలు నేర్చుకోవడానికి ఇంజనీరింగు దాకా ఆగాం. ఇరవై తూములు పుట్టి అనేసరికి ఆ వరస తెగిపోతుందనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడే ఆపండి. "అదీ మన ప్రాచీన విజ్ఞానం" అని భుజాలు చరుచుకునేవాళ్ళు వ్యాఖ్యల పెట్టె వైపు పరిగెత్తకండి. నేను చెప్పేది అది కాదు. కొలతలు రెట్టింపు అవ్వడానికి కారణం సులువు, ఇంకేం లేదు. తాసు లేకుండా సమానంగా పంచగలిగేది సగానికే. పైగా ఒక ఊరి మానిక ఇంకో ఊరి మానిక ఒకటి కాదు. మా అమ్మే చెప్పింది, వాళ్ళ ఊళ్ళో షావుకారు దగ్గర రెండు కుంచాలుండేవట. ధాన్యం తీసుకునేటప్పుడు ఒకటి, అప్పిచ్చేటప్పుడు ఇంకొకటి. ఒకే కుంచంతో తలకొట్టి కొలిస్తే ఒక లెక్క, గోపురంగా పోస్తే ఒక లెక్క. కష్టం చేసినవాడికి తలకొట్టుడు, వడ్డీ కట్టేవాడి దగ్గర గోపురం. 1956లో తూనికలు కొలతల చట్టం తెచ్చి మెట్రిక్ పద్ధతికి మార్చారంటే బీదవాడికి మేలే జరిగింది. లీటరు మంచిది. ప్రతి పక్కా 10 సెంటీమీటర్లున్న డబ్బాలో పట్టేది లీటరు, ఎవరి ఊరిదైనా ఒకటే. ఆ లీటరునే చేత్తో పట్టుకోనివ్వమంటున్నా, అంతే.

చేత్తో పట్టుకోకపోతే ఏమవుతుందో నా ఇంట్లోనే జరిగింది, సిగ్గు విడిచి చెప్తున్నా. ఆ మధ్య పిల్లకి జ్వరమొస్తే డాక్టరు సిరప్ రాశాడు, 5 మి.లీ. చొప్పున. సీసాతో వచ్చిన కొలత మూత ఎక్కడో పడేశాం. స్పూనంటే 5 మి.లీ.యే కదా అని నేను వంటింట్లో చేతికందిన చెంచాతో రెండు రోజులు పోశాను. అదృష్టం బావుండి ఏమీ కాలేదు. బాల్కనీ ప్రయోగం అయ్యాక పిల్ల ఊరుకోలేదు, మందుల షాపు నుంచి సూదిలేని సిరంజి తెప్పించి ఇంట్లో చెంచాలన్నీ కొలిచింది. చక్కెర డబ్బాలో చెంచా మూడున్నర. నేను మందు పోసిన పాయసం చెంచా ఎనిమిది! ఐదు చాలన్నచోట ఎనిమిది పోశాను. ఇది చాలదన్నట్టు పిల్లల పారాసెటమాల్ సిరప్పుల్లో 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉండేదీ దొరుకుతుంది, 250 ఉండేదీ దొరుకుతుంది. చంటిపిల్లల చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. మందు పేరు ఒకటే, సీసా ఒకటే తీరు. మి.లీ.కీ మి.గ్రా.కీ తేడా ఏమిటో, చెంచాకి ఎంత పడుతుందో తెలియని నాన్న చేతిలో ఇది ఆటవస్తువు కాదు. ఆ నాన్న ఇంటర్లో లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్నవాడే.

పోనీ నేనొక్కణ్ణే వెధవనా? మా అపార్టుమెంటు సంగతి వినండి. ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పిస్తున్నాం. ఒక్కోటి 10,000 లీటర్లని బిల్లు. రోజుకి మూడు. నలభై ఎనిమిది ఫ్లాట్లు, అందులో సగం పైగా మనలాంటి బీటెక్కులు. మీటింగు పెట్టి, నీళ్ళు ఎవరెక్కువ వాడుతున్నారని రెండు గంటలు కొట్టుకున్నాం. ఒకాయన ఎక్సెల్ చార్టు కూడా వేసుకొచ్చాడు. ట్యాంకరులో నిజంగా ఎన్ని నీళ్ళొస్తున్నాయని ఒక్కడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తుంటే పిల్ల అడిగింది, "సంపుకి గీతలు లేవా నాన్నా?"

మర్నాడు పీవీసీ పైపు ముక్కకి సెంటీమీటరు గీతలు పెట్టాను. సంపు పొడుగు 4 మీటర్లు, వెడల్పు రెండున్నర. గోడలు నిలువుగా ఉన్నాయి గనక సీసా పేచీ లేదు, గీతలన్నీ సమానం. ఒక సెంటీమీటరు లేస్తే వంద లీటర్లు. పదివేల లీటర్లు వస్తే సరిగ్గా మీటరు లేవాలి. మోటారు ఆపించి, ట్యాంకరు రాకముందు కొలిచాం: 42. మొత్తం వంపాక కొలిచాం: 126. అంటే 84 సెంటీమీటర్లు, 8,400 లీటర్లు. ట్యాంకరుకి 1,600 లీటర్లు గోవిందా, రోజుకి 4,800! డ్రైవరు "అడుగున కొంచెం మిగిలిపోద్ది సార్" అన్నాడు. కొంచెమే మరి, ఎనభై బకెట్లు. (పిల్లని సంపు మూత దగ్గరికి రానివ్వలేదు లెండి, వాళ్ళమ్మతో దూరంగా నిలబెట్టాం. మీరూ రానివ్వకండి.) తర్వాత బేరం ఎలా తెగిందనేది అసోసియేషన్ గొడవ, ఇక్కడొద్దు.

ఈ మనమే కృష్ణా జలాల మీద టీఎంసీలతో యుద్ధాలు చేస్తాం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, దాదాపు 2,832 కోట్ల లీటర్లు. క్యూసెక్కు అంటే సెకనుకి పారే ఘనపుటడుగు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. పారేది వేరు, నిలిచేది వేరు. "లక్ష క్యూసెక్కుల నీళ్ళు దాచుకోలేకపోయాం" అని ఆవేశంగా రాసేవాణ్ణి ఎన్ని గంటలు పారిందని అడిగి చూడండి.

నాకు వచ్చే అభ్యంతరాలు తెలుసు. మొదటిది, ఇల్లంతా నీళ్ళు చేస్తారండీ. చేస్తారు. గుడ్డ ఉంది, తుడుస్తారు. మొక్కలకి పోస్తారు. రెండోది, టైమేదీ? శనాదివారాలు కోడింగు క్లాసు, అబాకస్, వేదిక్ మ్యాథ్స్ ఉన్నాయి కదా. వేలకి వేలు పోసి "ప్రయోగాల కిట్టు" అని ప్లాస్టిక్ బీకర్లు కొనిచ్చే తండ్రి, వంటింట్లో గ్లాసు ముట్టుకుంటే అరుస్తాడు. రూపాయి ఖర్చు లేని పని కాబట్టి మనకి ఆనదు. మూడోదే అన్నిటికంటే ముద్దొచ్చేది: ఇవన్నీ ఇప్పుడెందుకండీ, కంప్యూటర్లు చూసుకుంటాయి.

1983 జులైలో ఎయిర్ కెనడా వాళ్ళ బోయింగ్ 767 ఒకటి కంప్యూటరు చూసుకుంటుందనే కొన్నది. ఇంధనం చూపించే యంత్రం చెడిపోయింది. సరే, పుల్ల ముంచి ట్యాంకుల్లో ఎన్ని లీటర్లున్నాయో కొలిచారు. అక్కడిదాకా బానే ఉంది. లీటర్లని కిలోల్లోకి మార్చాలి. లీటరు ఇంధనం 0.8 కిలోలు. వీళ్ళు పాత అలవాటు కొద్దీ 1.77తో గుణించారు, అది పౌండ్ల లెక్క. కావలసినదాంట్లో సగం కూడా లేకుండా విమానం లేచింది, 41,000 అడుగుల ఎత్తున ఇంజన్లు ఆగిపోయాయి. పైలట్ల పుణ్యమా అని గిమ్లీ అనే ఊళ్ళో వాడకంలో లేని వైమానిక స్థావరంలో దిగి అందరూ బతికారు. అన్ని చదువులూ చదివిన ఇంతమందిలో ఒక్కరికైనా "లీటరు నూనె లీటరు నీళ్ళకంటే బరువుంటుందా ఏమిటి, 1.77 ఎలా వస్తుంది?" అని చేతికి తట్టలేదు చూడండి. నీళ్ళ లీటరు కిలో. నూనె నీళ్ళ మీద తేలుతుంది. ఇది వంటింట్లో దొరికే జ్ఞానం.

అన్నట్టు ఆ షీటు సంగతి. స్కూలుకి మెయిలు పెట్టాను, ఫొటోలతో సహా, గిన్నె గెలిచిన ఫొటో కూడా. నాలుగు రోజులకి కోఆర్డినేటరు ఫోన్ చేశారు. "మీ పాపకి మార్కు కలుపుతాం సార్, ఇరవైకి ఇరవై వేసేస్తాం." మార్కొద్దండీ, ఆ ప్రశ్న తీసేయండి, లేకపోతే పిల్లలకి ఒక సీసా, ఒక గిన్నె ఇవ్వండి అన్నాను. "అది సెంట్రల్ టీమ్ నుంచి వస్తుంది సార్, మా చేతిలో లేదు." పోనీ మిగతా పిల్లలకి? "వాళ్ళందరూ బాటిల్‌కే టిక్ పెట్టారు సార్, వాళ్ళకి ప్రాబ్లం లేదు."